ఫాస్ట్ అనగానే

ఫాస్ట్ అనగానే
మనకు పరుగే గుర్తొస్తుంది కదా,
తెస్ఫాలెంకీ అంతే.

ఆంబుల్ రేవులో అతని మొదటి తెల్లవారుజాము.
పడవ గట్టుకు ఒరుసుకుంటోంది.
సరంగు కత్‌బర్ట్ రటర్ మోకు విసిరి
గొంతు చించుకున్నాడు:
"ఫాస్ట్! మేక్ హర్ ఫాస్ట్!"

ఎడారి దాటి, సముద్రం దాటి,
నాలుగు దేశాల పోలీసుల్ని దాటి వచ్చినవాడు.
ఆ మాటకు ఏం చెయ్యాలో
అతనికి వేరే చెప్పాలా?
మోకు వదిలేసి పరిగెత్తాడు,
ఐసు గోదాం దాకా.

పాటు నీళ్ళు పడవని
మెల్లగా, ఎంతో మర్యాదగా
ఏటి మధ్యకు తీసుకుపోయాయి,
నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ
రటర్‌తో సహా.

ఐసు తూచే గది కిటికీలోంచి చూసి
నేనూ నవ్వాను.
అతను ఎందుకు పరిగెత్తాడో
అప్పటికి నాకు తెలీదు.

కట్టెయ్యమన్నాడు ముసలాయన.
గూటానికి, బిగించి, కదలకుండా.
కదలకపోవడానికీ దూసుకుపోవడానికీ
ఒకే మాటేమిటి మీకు, అంటే
వలలు బాగుచేసే డోరిన్ హెస్లాప్
సూది ఆపకుండా చెప్పింది:
మొదట్లో గట్టిగా అనే దాని అర్థమట.
గట్టిగా పట్టు, గట్టిగా కొట్టు,
గట్టిగా పరిగెత్తు...
అలా పరిగెత్తీ పరిగెత్తీ
గట్టి కాస్తా వేగమైపోయిందట.

మన 'గట్టిగా' మాత్రం తక్కువదా?
రటర్ గట్టిగా అరిచింది
గట్టిగా కట్టమనే.

మార్చి నెలలో ఒక పొద్దున
రటర్ బేకన్ బన్ను చేతికిస్తే
"ఐ ఫాస్ట్" అన్నాడు తెస్ఫాలెం.
"నువ్వా? నీకంటే నత్త నయం!"
రేవంతా నవ్వు.
అతను నోటి మీద చెయ్యి పెట్టుకుని
మెడలో చెక్క సిలువ పైకి తీశాడు.

యాభై అయిదు రోజులట.
మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు.
పొద్దస్తమానం చేపల్లో మునిగే చేతులు
ఒక్క ముక్క నోట్లో పెట్టవు.
మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా ముట్టని
ఒక్కపొద్దు.
రటర్ ఏమీ అనలేదు.
తన బన్ను సగం తిని
మిగతాది సముద్రపు కాకులకు విసిరి
వాటిని బూతులు తిట్టాడు.

బ్రేక్‌ఫాస్ట్ అయిందా అని
ఎన్ని వేలసార్లు అడిగుంటాను!
రాత్రంతా కడుపు పట్టిన ఒక్కపొద్దు
పొద్దున్నే విరిగే చప్పుడు
ఆ మాటలో ఉందని
అప్పుడు వినపడింది.

రేవు ఆఫీసు గడియారం ఏడు నిమిషాలు ఫాస్టు.
ఎవరూ సరిచెయ్యరు.
డోరిన్ ఇచ్చిన ఎర్ర స్వెట్టరు చీటీ మీద
రంగు ఫాస్ట్ అని రాసుంది.
ఒక్క ఉతుకుకి తెస్ఫాలెం చొక్కాలన్నీ
గులాబీ అయ్యాయి.
వాటినే వేసుకు తిరిగాడు వేసవంతా.

అక్టోబరులో గాలివాన కొట్టిన రాత్రి
తలుపు సందులోంచి చూశాను.
ముందు మోకు, వెనక మోకు,
మధ్యలో రెండు అడ్డమోకులు.
ఒక్కో ముడి వేసి, లాగి చూసి,
మళ్ళీ వేశాడు.
చుక్కాని గదిలో రటర్
నోరు తెరుచుకుని నిద్ర,
దాన్నీ ఫాస్ట్ అనే అంటారు,
నిద్ర గూటానికి కట్టేసిన మనిషి.

"షి ఈజ్ ఫాస్ట్" అన్నాడు నాతో,
ఆయన లేవకుండా, గొంతు తగ్గించి.

పడవ రాత్రంతా గట్టుకు కొట్టుకుంది.
అతను మాత్రం
ఆ వానలోనే, తల తడుస్తున్నా,
తొందర లేకుండా
నడుచుకుంటూ ఇంటికి పోయాడు.